కొమ్ము సాగిన బోర్డు

నేను ఒక రేకు బోర్డును. మూడడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, అడుగున రెండు ఇనుప కాళ్లు. కాళ్లున్నాయి కదా, నడవవచ్చు కదా అని మాత్రం అడక్కండి, ఒళ్లు మండుతుంది. నా కాళ్లు నేలలో పాతడానికి ఇచ్చినవి. "గడ్డి మీద నడవరాదు" అని ఒంటి మీద రాసి మరీ నిలబెట్టారు నన్ను. జనానికి నడవొద్దని చెప్పే నేను మాత్రం ఊళ్లో ఉన్న పార్కులన్నీ చుట్టబెట్టాను. ఒక్కచోట నెల రోజులు కుదురుగా ఉన్న పాపాన పోలేదు. ఇప్పుడు కదలకుండా పడి ఉన్నాను. పోనీ సుఖంగా ఉందా అంటే అదీ లేదు.

ఊరి పేరు చెప్పను. చెబితే మా మునిసిపాలిటీ వాళ్లు నొచ్చుకుంటారు, పక్క ఊరివాళ్లు పొంగిపోతారు. ఉత్తరాంధ్రలో సముద్రాన్ని ఆనుకుని ఉంది, అంతవరకు చాలు. అక్కడ గాలికి క్షణం తీరిక ఉండదు. ఆ గాలిలో ఉప్పు, ఆ ఉప్పుకి ఇనుమంటే మహా ప్రీతి. నాలాంటి వాళ్ల ఆయుర్దాయం సంగతి మీరే ఊహించుకోండి.

మొదట్లో నేను ఒక గోడౌను కప్పు మీది రేకుని. ఆ కప్పు దించేసినప్పుడు పెయింటర్ కూర్మారావు నన్ను తన షెడ్డుకి తెచ్చి, నాలుగు ముక్కలుగా కోసి, నలుగురికీ పచ్చరంగు పూసి, తెల్లటి అక్షరాలు రాశాడు. ఊళ్లో పార్కులు నాలుగు, తోబుట్టువులం నలుగురం. కూర్మారావు చెయ్యి చాలా మంచిది. అతనికి ఉన్నది ఒకటే జబ్బు: ఖాళీ అంటే గిట్టదు. వరస చివర జానెడు చోటు మిగిలిందంటే అన్నం సహించదు. అక్కడ ఒక పువ్వో చిలకో దించాల్సిందే. "మాకు పువ్వులూ చిలకలూ వద్దు" అని ఎవరైనా కచ్చితంగా చెబితే, ఉన్న అక్షరాన్నే పట్టుకుని సాగదీస్తాడు. ఒక టైలరు షాపు బోర్డులో "కుట్టబడును" అన్న మాటకి తోక తీసి తీసి పక్క కొట్టు గోడ దాకా తీసుకెళ్లాడని ఊళ్లో చెప్పుకుని నవ్వుతారు.

మేం నలుగురం నాలుగు పార్కుల్లో నిలబడి నెల తిరక్కుండానే తుఫాను వచ్చింది. మా తోబుట్టువుల్లో ఒకటి ఎగిరి సముద్రంలో పడింది. ఒకటి జాలరిపేటలో కోళ్లగూటికి కప్పయింది. ఇంకొకటి ఎవరి పెరట్లో స్నానాలగదికి తలుపయిందో నాకు తెలుసు గానీ చెప్పను, ఆయన ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు. మిగిలింది నేనొక్కదాన్ని.

అప్పట్నుంచి మొదలైంది నా తిరుగుడు. ఏ పార్కుకి తనిఖీ వస్తే, ఆఫీసరు కన్నా ముందు నేను ఆ పార్కుకి చేరాలి. చెత్త ట్రాక్టరు మీద నన్ను బోర్లా పడేసి, గతుకుల్లో ఎగరేసుకుంటూ తీసుకెళ్లి, జీపు చప్పుడు వినిపించేలోగా నాలుగు రాళ్లు కొట్టి పాతేవారు. జీపు వెళ్లగానే పీకేసేవారు. ఒకసారి ఒక పెద్దమనిషి పొద్దున్న కొండ పార్కులో నన్ను చూశాడు, మధ్యాహ్నం సరుగుడు తోటలో మళ్లీ నన్నే చూశాడు. "అన్ని చోట్లా బోర్డులు ఒకే తీరుగా ఉన్నాయయ్యా, శెభాష్" అన్నాడు. ఒకే తీరుగా లేక చస్తాయా?

కొండ పార్కుకి రెండొందల మెట్లు. ఎక్కి వచ్చినవాడికి ఊపిరి తీసుకోవడానికే ఓపిక ఉండదు, ఇంక గడ్డేం తొక్కుతాడు? నా నీడలో కూలబడి, దూరంగా కదిలే ఓడల్ని చూస్తూ, తెచ్చుకున్న వేరుశనక్కాయల తొక్కలు నా కాళ్ల దగ్గర పోసి దిగిపోతాడు. సరుగుడు తోటలో అయితే అసలు గడ్డే లేదు. ఇసక మీద రాలిన ఎండు సరుగుడు ఆకు, అంతే. లేని గడ్డి మీద నడవొద్దని చెబుతూ నేను నిలబడేదాన్ని. వచ్చినవాళ్లు నన్ను చదివి, భక్తిగా నా చుట్టూ తిరిగి వెళ్లేవారు. మనుషులు చిత్రమైన వాళ్లు సుమా! జాలరిపేట పిల్లల పార్కులో నా మీద వలలు ఆరేసేవారు, నెత్తళ్ల చేపలు ఎండబెట్టేవారు. నా మీదికి కాకులు చేరేవి, వాటిని తోలడానికి నా ఒంటి మీద రాళ్లు పడేవి. ఏ చోటా నచ్చలేదు, ఏ చోటినుంచి కదిలినా బెంగే. ఎక్కడ ఉన్నా ఇంకొక పార్కులో ఏం జరుగుతోందో అని పీకులాట.

నిజంగా గడ్డి ఉన్నది లైట్‌హౌస్ పార్కులో. ఆ గడ్డి దానంతటది మొలవలేదు. దాన్ని మొలిపించింది నూకరత్నం.

నూకరత్నం నలభై దాటిన మనిషి, పార్కులో కాంట్రాక్టు మాలి. పొట్టిగా, బిగువుగా ఉంటుంది. చీర కుచ్చెళ్లు ఎగదోపి, తలకి తువ్వాలు చుట్టి, పొద్దు పొడవక ముందే వస్తుంది. ఆమె వచ్చేనాటికి అక్కడ ఇసకా, పల్లేరుకాయలూ తప్ప ఏమీ లేవు. బోరు నీళ్లు ఉప్పు కషాయం. కాలవగట్టు నుంచి గరిక దుబ్బులు గోనెసంచిలో మోసుకొచ్చి, ఒక్కొక్క దుబ్బూ చేత్తో నాటింది. లైట్‌హౌసు వెనక పాత నూతిలో మంచినీళ్లు తోడి, బిందెలతో మోసి పోసింది. మూడేళ్లు. మొదటి ఏడు నాటినదంతా మాడిపోయింది. రెండో ఏడు సగం బతికింది. మూడో ఏడు సముద్రం ఒడ్డున చాపల్లే పచ్చగా పరుచుకుంది. నాలుగు పార్కులూ తిరిగినదాన్ని కాబట్టి చెబుతున్నాను, అంత పచ్చదనం నేనెక్కడా చూడలేదు.

ఆ గడ్డి అంటే ఆమెకి ప్రాణం. వినాయకచవితి నాడు పత్రి కోసం గరిక పీకబోయిన వాళ్లతో పెద్ద యుద్ధమే చేసింది. "ఇనాయకుడికి కావాలంతే ఇనాయకుణ్ణే వొచ్చి అడగమను, అప్పుడు సూద్దారి" అని దుడ్డుకర్ర పట్టుకుని నిలబడితే, దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.

ఇంతలో సూపర్‌వైజరు గోవిందరాజులు ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఆయన పార్కులన్నిటికీ పెత్తందారు. పచ్చటిది ఏది చూసినా ఆయనకి సిమెంటు గుర్తొస్తుంది. ఆ గడ్డి తీయించి, నేలంతా సిమెంటు చేసి, తినుబండారాల కొట్లు పెట్టించాలని ఆయన ఆలోచన. "సదరు గడ్డి స్థలమును ప్రజలెవరూ వినియోగించుట లేదు" అని పైకి రాశాడు. శుక్రవారం పెద్దాఫీసరు స్వయంగా వచ్చి చూస్తాడు. ఆయన సరేనంటే సోమవారం సిమెంటు లారీలు దిగుతాయి. ఈ సంగతి నూకరత్నానికి చదివి వినిపించాడు.

ఆమె నన్ను వేలితో చూపించింది. "నడవొద్దని మీరే బోర్డు పాతినారు కదా బాబూ! మరింక జనం ఎలాగ నడుత్తారు?"

"రూలు రూలే, రిపోర్టు రిపోర్టే" అన్నాడు గోవిందరాజులు. నవ్వకుండా అన్నాడు, అదీ ఆయన గొప్పతనం.

నూకరత్నానికి తోచింది ఒకటే. పార్కు అద్దంలా ఉంటే ఆఫీసరు మనసు మారుతుందేమో. బెంచీలు కడిగింది, అంచులు కత్తిరించింది, ఎండుటాకు ఒక్కటి లేకుండా ఏరింది. ఇక మిగిలింది నేను. ఉప్పుగాలికి నా అక్షరాలు సగం రాలిపోయాయి. నన్ను పీకి, నెత్తిన పెట్టుకుని కూర్మారావు షెడ్డుకి నడిచింది. ఆ ఇద్దరిదీ ఒకే పేట, వరసకి అన్నాచెల్లెళ్లు.

"అన్నియ్యా, సుక్కురారం పెద్దాఫీసరొస్తన్నాడు. ఈ బోర్డు తళతళ్లాడిపోవాల. సదివినోడికి గడ్డి మీద కాలెట్టాలంటే బయమెయ్యాల."

"సివర్న ఒక పువ్వెట్టనా సెల్లీ?"

"పువ్వూ వొద్దు, సిలకా వొద్దు. గవర్మెంటు బోర్డుకి పువ్వులేటి?"

కూర్మారావు నన్ను గీకి, పచ్చరంగు కొట్టి, ఆరాక రాయడం మొదలుపెట్టాడు. పై వరస "గడ్డి మీద" అంచు నుంచి అంచు దాకా నిండుగా కుదిరింది. కింది వరస "నడవరాదు" రాసేసరికి చివర జానెడు ఖాళీ మిగిలింది. అతను వెనక్కి జరిగి చూశాడు. తల పక్కకి వాల్చి చూశాడు. బీడీ ఒకటి కాల్చి మళ్లీ చూశాడు. పువ్వు వద్దంది కదా. చివరికి ఉండబట్టలేక "దు" కొమ్ము పట్టుకుని సాగదీశాడు. బ్రష్షు చక్కిలిగిలి పెడుతూ నా కుడి అంచు దాకా పాకింది. "రాదు" కాస్తా "రాదూ" అయింది.

మీకు తెలియనిది కాదు. కూర్చోరాదు అంటే వద్దని. కూర్చోరాదూ అంటే కాసేపు కూర్చోమని బతిమాలడం. ఒక్క దీర్ఘంతో నా నోట మాట తిరగబడిపోయింది, నేను కిక్కురుమనలేకపోయాను. నోరున్న బోర్డుకి అరిచే నోరు లేదు, అదీ నా బతుకు. కూర్మారావు తన పనితనం చూసుకుని మురిసిపోయాడు. నూకరత్నానికి చదువు రాదు. "నిండుగా ఉంది అన్నియ్యా" అని మెచ్చుకుని, రంగు ఆరగానే నన్ను తెచ్చి మంగళవారం పొద్దున్నే గడ్డి ముందు పాతింది.

ఆ సాయంత్రం భానుమూర్తి మేస్టారు వచ్చారు. రిటైరైన తెలుగు మేస్టారు, మోకాళ్ల నొప్పులకి డాక్టరు నడవమన్నాడని రోజూ సిమెంటు బాట మీద పది చుట్లు తిరుగుతారు. ఆ రోజు నా ముందు ఆగిపోయారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పెట్టుకుని పైకి చదివారు. "గడ్డి మీద నడవరాదూ! అబ్బ, అబ్బ! ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను గానీ, మునిసిపాలిటీకి ఇంత తియ్యగా మాట్లాడటం వచ్చునని తెలీదు" అని నవ్వుకుంటూ గడ్డిలోకి నడిచారు.

నూకరత్నం బిందె అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "మేస్టారూ! సదూకున్నోరు, మీరే ఇలాగ సేత్తే ఎలాగండీ? బోర్డు అగుపడ్డం లేదేటి?"

"అగుపడబట్టే వచ్చానమ్మా. పిలిచాక రాకపోతే ఏం మర్యాద?"

"ఎవులు పిలిసినారు మిమ్మల్ని?"

"నీ బోర్డే!" అని ఆయన ఆమెని నా దగ్గరికి తీసుకొచ్చి, చివరి అక్షరం మీద వేలు పెట్టి, ఒకసారి కురచగా, ఒకసారి సాగదీసి చదివి వినిపించారు. "ఓలమ్మో, నా కొంప ముంచీసినాడు అన్నియ్య!" అని నెత్తి కొట్టుకుంది నూకరత్నం.

అప్పటికప్పుడు నన్ను పీకేసేదే. కానీ బోర్డు లేకుండా ఆఫీసరు వస్తే అదొక తప్పవుతుంది. కూర్మారావు కోసం పరిగెత్తింది. అతను పడవల మీద పేర్లు రాయడానికి పక్క రేవుకి వెళ్లాడు, శుక్రవారం పొద్దున గానీ రాడు. ఆ రెండు రోజుల్లో కబురు ఊరంతా పాకింది. లైట్‌హౌస్ పార్కులో బోర్డు రమ్మని పిలుస్తోందట! చేపలమ్ముకుని తిరిగొచ్చే ఆడవాళ్లు తట్టలు పక్కన పెట్టి గడ్డిలో కాళ్లు చాపుకున్నారు. బాలింత ఒకామె బిడ్డని పడుకోబెట్టింది. కొత్త జంట నా పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు. ఆఖరికి బెంచీల మీద తప్ప ఎక్కడా కూర్చోని పెన్షనర్లు కూడా గడ్డిలో చతికిలబడి, లేవలేక ఒకరినొకరు లాక్కున్నారు. నూకరత్నం ఒకళ్లని తోలితే పదిమంది వచ్చేవారు. గురువారం సాయంత్రం అందరూ వెళ్లాక, నలిగిన దుబ్బులు ఒక్కొక్కటీ లేవనెత్తి, మొదట్లో మట్టి నొక్కుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఏం చెయ్యను?

శుక్రవారం పొద్దున్నే కూర్మారావు పచ్చరంగు డబ్బాతో వచ్చాడు, సిగ్గుతో తల వంచుకుని. "రెండు నిమిసాల పని సెల్లీ, తోక సెరిపీత్తాను" అని నా ముందు గొంతుక్కూర్చున్నాడు. బ్రష్షు ముంచాడో లేదో జీపు వచ్చి ఆగింది.

పెద్దాఫీసరు దిగాడు. వెనకే గోవిందరాజులు కాగితం విప్పుకుంటూ, తలెత్తకుండా చదవడం మొదలుపెట్టాడు. "సర్, ఈ స్థలాన్ని ప్రజలెవరూ..."

"ఎవరూ?" అన్నాడు ఆఫీసరు.

గోవిందరాజులు తలెత్తి చూశాడు. గడ్డి మీద తక్కువలో తక్కువ నలభై మంది ఉన్నారు. భానుమూర్తి మేస్టారు మధ్యలో కూర్చుని నలుగురికి ఏదో పద్యం చెబుతున్నారు. గోవిందరాజులు గొంతు సవరించుకున్నాడు. "ఇవాళేదో వచ్చారు సర్. రూలు ప్రకారం ఉండకూడదు. ఏయ్ నూకరత్నం, తోలెయ్యి అందర్నీ!"

అప్పుడు నూకరత్నం మొహం చూశాను. తోలేస్తే గడ్డి ఖాళీ అవుతుంది, ఆ కాగితంలో రాసింది నిజమవుతుంది, సోమవారం లారీలు వస్తాయి. తోలకపోతే ఈ నలభై జతల కాళ్లు రేపూ వస్తాయి, ఎల్లుండీ వస్తాయి. ఒక్కో దుబ్బూ తన చేత్తో నాటుకున్న గడ్డి. కూర్మారావు బ్రష్షు నా కుడి అంచుకి తగిలింది, రంగు చల్లగా అంటింది.

"వొగ్గీ అన్నియ్యా" అంది నూకరత్నం.

బ్రష్షు ఆగిపోయింది. ఆమె గోవిందరాజులు వైపు తిరిగింది. "తోలనండి బాబుగారూ. మనుసులు నడవని గడ్డి అని మీరే రాసినారు. ఇప్పుడు నడుత్తన్నారు, సూసుకోండి."

ఆఫీసరు నా దగ్గరికి వచ్చి, వంగి చదివాడు. పెదవి కొసన నవ్వు వచ్చింది గానీ, ఉద్యోగం గుర్తొచ్చి దాచేసుకున్నాడు. "ఇది ఇలా రాసింది ఎవరు?"

ఊళ్లో మునిసిపాలిటీ రాతలన్నీ కూర్మారావువే, ఆ కూలి ముద్దే అతని ఇంట్లో అందరికీ. చేతిలో రంగు డబ్బా దాచుకోవడానికి చోటు వెతుక్కుంటున్నాడు.

"నానేనండి" అంది నూకరత్నం. "అలాగే రాయమని నానే సెప్పినాను."

"నీకు చదువొచ్చా?"

"రాదండి. సదువు రాపోతే మనుసుల్ని పిలవడం కూడా రాదేటండి?"

ఆఫీసరు గడ్డి మీది జనాన్ని ఒకసారి కలయజూశాడు. "గడ్డి ఉండనివ్వండి. కొట్లు వద్దు" అన్నాడు. నూకరత్నం రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోయింది. ఆయన అదే గొంతుతో, "అయితే ప్రభుత్వ బోర్డు ఎవరికి తోచినట్టు వాళ్లు రాయించుకోవడం తప్పు. బోర్డు తీసేయండి. ఈమెని ఇంకో చోటికి మార్చండి" అన్నాడు. మొదటి ఉత్తర్వు ఫైల్లోకి ఎక్కడానికి నెల పట్టింది. రెండోది గోవిందరాజులు ఆ పూటే అమలు చేశాడు.

నేను మునిసిపాలిటీ సామాన్ల యార్డుకి వచ్చి పడ్డాను. విరిగిన ఉయ్యాలలు, తుప్పు పట్టిన దీపస్తంభాలు, తలుపూడిన చెత్తడబ్బాలు, మధ్యలో నేను. చిత్రమేమిటంటే నూకరత్నాన్ని కూడా యార్డుకే వేశారు, ఊడ్చే పనికి. యార్డులో ఊడవడానికి తుప్పూ ఇసకా తప్ప ఇంకేం లేదు. స్టోరుకీపరు తాతబాబు నన్ను రెండు ఇటకల మీద పెట్టి బల్ల చేశాడు. నూకరత్నం టీ తాగేటప్పుడు నా మీదే కూర్చునేది.

పార్కు అక్కడికి మూడు వీధుల దూరం. రెండు నెలలు ఆమె అటు వెళ్లలేదు. "సూత్తే ఏడుపొత్తాది, సూడకపోతే తోసదు" అని తాతబాబుతో అనేది. కూర్చున్నది కూర్చున్నట్టు లేచేది, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చేది. సాయంత్రమయ్యేసరికి గాలిలో అటునుంచి జనం సందడి వినిపించేది. నవ్వులో, పోట్లాటో, గడ్డి పీకేస్తున్నారో తెలిసేది కాదు. ఆమె చీపురు ఆపి చెవి ఒగ్గేది. నేనూ అంతే. వెల్లకిలా పడున్నదాన్ని, నాకు యార్డూ ఆకాశమూ తప్ప ఇంకేం కనిపిస్తుంది? ఆ రెండు నెలలు ఎలా గడిచాయో నాకే తెలుసు.

ఒక సోమవారం పొద్దున ఆమె వచ్చి, చీపురు పట్టుకోకుండా నా మీద కూలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. తాతబాబు టీ గ్లాసు ఇచ్చి, "ఎల్లినావేటి?" అన్నాడు.

"ఎల్లినాను. నిన్న. మజ్జిలోంచి దారి పడిపోనాదోయ్, ఇసక తేలిపోనాది. అంచుల్లో మాత్రం పచ్చగానే ఉంది. సరే అని ఒక్క అడుగేసినానా, ఎనకాల్నించి కేక! సేపలమ్ముకునే ముసిల్ది, తట్ట పక్కనెట్టుకుని, సెంబుతో దుబ్బులకి నీల్లోత్తంది. 'ఓలప్పా, జోల్లిప్పీసి ఎక్కు! సచ్చీ సెడీ పెంచుకుంతన్నాం ఈ గడ్డి, నువ్వు జోల్లతో తొక్కీత్తే ఎలాగ?' అని నన్ను కసురుకున్నాది. నన్ను!"

"మరి నువ్వెవులో సెప్పలేదేటి?"

నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నా మీద కూర్చున్న మనిషి అయినా నాకు తెలియలేదు, నా రేకు మాత్రం గలగలమంది.

"ఏటని సెప్పను? జోల్లిప్పీసి సేత్తో పట్టుకున్నాను. 'అదీ, అలాగ. ఇప్పుడు నడూ' అన్నాది. నడిసినాను తాతబాబూ."